యాభై ఏడో నంబరు

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటి నుంచి ఫ్యాక్టరీకి ఇరవై నిమిషాల దారి. కారు సీటు ముందుకీ వెనక్కీ జరగడానికి దాని కింద ఇనుప పట్టాలుంటాయే, అవి అక్కడ తయారవుతాయి. పద్నాలుగేళ్లుగా అక్కడ పనిచేస్తున్నా ఆ పట్టాల్లో ఒక్కదాన్నీ నేను చేత్తో ఎత్తి చూసింది లేదు. కంప్యూటర్లు, ప్రింటర్లు, తూకం యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చూడటం నా ఉద్యోగం. అవి సరిగా మాట్లాడుకున్నంత కాలం నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు.

ఒక ఏడాది సెప్టెంబరు చివర్లో, శుక్రవారం నాడు డాక్ దగ్గరికి వెళ్లాను. తయారైన సరుకును లారీలకు ఎక్కించే చోటును అక్కడ డాక్ అంటారు. ప్రతి అట్టపెట్టె మీదా ఒక లేబుల్ అంటించాలి. లేబుల్ లేని పెట్టె లారీ ఎక్కదు. ఆ లేబుళ్లు కొట్టే ప్రింటరు చాలా పాతది, దానికి నెట్‌వర్క్ తీగ పెట్టుకునే చోటే లేదు. అందుకని మధ్యలో ప్రింట్ సర్వర్ అనే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది, సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది. ఒక పక్క ప్రింటరు తీగ, ఇంకో పక్క నెట్‌వర్క్ తీగ. పాతది కాలిపోతే కొత్తది పెట్టడానికి వెళ్లాను.

అది పావుగంట పని. పెట్టెను నా లాప్‌టాప్‌కి తగిలించి, దాని లోపలి పేజీ తెరిచి, చిరునామా ఇవ్వాలి. నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ ఒక చిరునామా ఉంటుంది. చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు. మా ఫ్యాక్టరీలో మొదటి మూడూ అందరికీ ఒకటే, నాలుగోది మాత్రం ఒక్కో యంత్రానికి ఒక్కోటి. కొన్ని యంత్రాలకు ఆ సంఖ్యను నెట్‌వర్కే ఇస్తుంది, అది మారుతూ ఉంటుంది. ప్రింటర్ల లాంటివాటికి మారకూడదు. ఇవాళ ఒక నంబరు, రేపు ఇంకో నంబరు అయితే లేబుల్ ఎక్కడికి పోవాలో పంపేవాళ్లకు తెలియదు. అందుకని వాటికి మనమే చేత్తో ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చామో ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటాం. ఎడమ వరసలో నంబరు, కుడి వరసలో యంత్రం పేరు. షీట్ చూస్తే యాభై ఏడు ఖాళీగా ఉంది. ఇచ్చాను. పెట్టె మీది దీపం నారింజ రంగులో కాసేపు ఆడి పచ్చగా నిలబడింది. ప్రింటరు ఒక లేబుల్‌ను బయటికి తోసింది.

డాక్ మొత్తాన్ని చూసుకునేది అరవై దాటిన ఒక అమెరికన్ ఆవిడ. ముప్ఫై ఏళ్లుగా అక్కడే పని. కళ్లజోడు మెడలో గొలుసుకి వేలాడుతుంటుంది. లేబుల్ చింపి వెలుతురులో పెట్టి చూసి, "బాగుంది హనీ, ఇక వెళ్లు, నాకు లారీలున్నాయి" అంది.

షీట్‌లో యాభై ఏడు పక్కన పేరు రాయడం ఒక్కటే మిగిలింది. అప్పుడే స్కూల్ నుంచి ఫోన్. పాపకు జ్వరమని, వచ్చి తీసుకెళ్లమని నర్సు చెప్పింది. వెనక నుంచి మా పాప గొంతు వినిపించింది: "అమ్మా, నా తల హర్ట్ చేస్తుంది." లాప్‌టాప్ మూసి బయల్దేరాను. ఆ శనివారం, ఆదివారం జ్వరంతో గడిచాయి. సోమవారానికి నాకు యాభై ఏడు గుర్తు లేదు. ఎవరికీ అది గుర్తుండాల్సిన అవసరమూ రాలేదు. లేబుళ్లు వస్తూనే ఉన్నాయి.

ఆ చలికాలం మా విభాగంలోకి ఒక తెలుగు అబ్బాయి వచ్చాడు. అబ్బాయి అంటున్నాను గానీ ముప్ఫై రెండేళ్లుంటాయి. వరంగల్ వైపు నుంచి వచ్చినవాడు. మా కంపెనీ ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మీద వేరే కంపెనీ పంపిన మనిషి. భార్య, అప్పటికి ఐదు నెలల పాప. నన్ను మొదటి రోజే "అక్కా" అన్నాడు. అక్కడ తెలుగు మాట్లాడే మనిషి దొరికి నాకు చాలా ఏళ్లయింది. మధ్యాహ్నం ఇద్దరం బ్రేక్ రూమ్‌లో ఒకే బల్ల దగ్గర తినేవాళ్లం. మా ఇంటి చేపల పులుసు వాసన నలుగురికీ కొడుతుందని నేను ఎప్పుడూ తీసుకెళ్లేదాన్ని కాదు. అతను ఒక రోజు ఏమాత్రం మొహమాటం లేకుండా తలకాయ కూర తెచ్చి మైక్రోవేవ్‌లో పెట్టాడు. ఆ తర్వాత నేనూ తీసుకెళ్లడం మొదలుపెట్టాను.

పనిలో నిదానం. ఒక పని చేసే ముందు రెండుసార్లు చూసుకునేవాడు. వీసా అతనిది, గ్రీన్‌కార్డు నాది. ఇద్దరం ఒకే పని చేస్తున్నా ఆ తేడా ఉంది. ఉద్యోగం పోతే అతనికి అరవై రోజులు. ఆలోగా ఇంకొకటి దొరకాలి, లేకపోతే ఇల్లు సర్దుకోవాలి. కొన్నేళ్ల కిందట మా ఆయన ఉద్యోగం పోయినప్పుడు నేనూ ఆయనా అలాంటి రోజులు యాభై రెండు లెక్కపెట్టుకున్నాం. కాబట్టి అదేమిటో నాకు తెలియదని చెప్పుకోలేను.

ఫిబ్రవరిలో ఫ్యాక్టరీకి కొత్త తూకం యంత్రం వచ్చింది. దాన్ని నెట్‌వర్క్‌కి కలిపే పని అతనిది. పని జరిగే రోజుల్లో అడ్డమని శనివారం వచ్చి కలిపాడు. దానికి కూడా మారని చిరునామా కావాలి. షీట్ తెరిచాడు. యాభై ఏడు ఖాళీగా ఉంది. షీట్‌ను ఒక్కదాన్నే నమ్మకుండా, ఆ నంబరుకి ఎవరైనా జవాబిస్తారేమోనని నెట్‌వర్క్‌లో పిలిచి చూశాడు. ఎవరూ పలకలేదు. పలికేవాళ్లు లేరు మరి. డాక్ ఆవిడ ప్రతి శుక్రవారం ఇంటికెళ్లేటప్పుడు బల్ల కింది స్విచ్ ఆపి వెళుతుంది. ప్రింట్ సర్వర్ శని, ఆదివారాల్లో నిద్రలో ఉంటుంది. ఒక మనిషి జాగ్రత్తగా చేయగలిగినదంతా అతను చేశాడు. యాభై ఏడును తూకం యంత్రానికి ఇచ్చాడు. కాంట్రాక్టు మనిషి షీట్‌లో పేరు రాయాలంటే ముందు మేనేజరు అనుమతి కాగితం పూర్తిచేయాలి గనక దానికోసం ఆగాడు.

సోమవారం ఉదయం డాక్ ఆవిడ స్విచ్ వేసింది.

రెండు యంత్రాలకు ఒకే నంబరు ఉంటే ఏమవుతుందంటే, ఒకసారి ఇది పలుకుతుంది, ఒకసారి అది పలుకుతుంది. లేబుళ్లు ఐదు వచ్చి ఆగిపోయాయి. తర్వాత రెండు వచ్చాయి. మళ్లీ లేవు. పూర్తిగా రాకపోయుంటే కారణం తొందరగా దొరికేది. వస్తూ పోతూ ఉండటంతో అందరూ ప్రింటరును అనుమానించారు. రిబ్బన్ మార్చారు, తీగ మార్చారు. తొమ్మిదిన్నరకి నన్ను పిలిచేసరికి డాక్ బయట లారీలు వరసగా నిలబడ్డాయి. మంచు కరగడానికి చల్లిన ఉప్పు మీద డ్రైవర్లు చేతులు రుద్దుకుంటూ పచార్లు చేస్తున్నారు. మా పట్టాలు అందకపోతే అవతల కార్లు బిగించే చోట పని ఆగుతుంది. అలా ఆగడం కంటే పెద్ద తప్పు మా లోకంలో లేదు.

నేను బల్ల దగ్గర కూర్చుని లాప్‌టాప్‌లో యాభై ఏడును పిలిచాను. సెకనుకొకసారి జవాబు వస్తోంది.

"పెట్టె బాగానే ఉంది. ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి," అన్నాను.

డాక్ ఆవిడ రెండు తీగలూ పీకి, పెట్టెను చేత్తో పైకెత్తి పట్టుకుంది. నా లాప్‌టాప్‌లో జవాబులు ఆగలేదు.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. "ఇది నా చేతిలో ఉంది కదా," అంది. "మరి ఆ మాట్లాడేదెవరు?"

ఆ క్షణంలో నాకు స్కూల్ నర్సు ఫోన్, మూసేసిన లాప్‌టాప్ రెండూ గుర్తుకొచ్చాయి. తర్వాత శనివారం పెట్టిన తూకం యంత్రం గుర్తుకొచ్చింది. ఆ వరసలోనే.

సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. తూకం యంత్రానికి వేరే నంబరు ఇచ్చాను. లేబుళ్లు ధారగా వచ్చాయి. మొదటి లారీ పదకొండున్నరకి కదిలింది. నా సీటు దగ్గరికి వచ్చి, షీట్ తెరిచి, ఖాళీగా ఉన్న యాభై ఏడు పక్కన 'డాక్ లేబుల్ ప్రింట్ సర్వర్' అని రాసి సేవ్ చేశాను. పదకొండూ నలభై.

అది పాత ఫైలు. ఎవరు ఎప్పుడు ఏం రాశారో గుర్తుపెట్టుకోదు. ఆ వరస రాసేటప్పుడు నా మనసులో ఏముందని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఉండాల్సిన చోట ఉండాల్సిన పేరు రాయడం తప్ప ఏమీ లేదనుకుంటాను. ప్రమాణం చేసి మాత్రం చెప్పలేను.

రెండు గంటలకి మేనేజరు మీటింగ్ పెట్టాడు. ఆయన యాభై దాటిన అమెరికన్, ఒకప్పుడు అదే ఫ్యాక్టరీలో మెషీన్ల మీద పనిచేసి పైకొచ్చినవాడు. గొంతు పెంచడు. ఆయన కాక, డాక్ ఆవిడతో కలిపి గదిలో ఆరుగురం. గోడ మీది తెర మీద షీట్ తెరిచి యాభై ఏడు దగ్గర ఆగాడు.

"ఇది ఇక్కడ స్పష్టంగా ఉంది," అన్నాడు. నా పక్కన కూర్చున్న అతనివైపు తిరిగి, "శనివారం నువ్వు ఈ షీట్ చూశావా?" అని అడిగాడు.

"చూశాను. అది ఖాళీగా ఉంది."

"ఇప్పుడు ఖాళీగా లేదు."

అతను తెర వంక చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు. తర్వాత బల్ల మీదికి చూపు దించాడు. నావైపు తిరగలేదు.

"నేను చూసినప్పుడు ఖాళీగా ఉంది," అని ఇంకొకసారి అన్నాడు. అంతే. మూడోసారి అనలేదు.

మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయిందని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధం. నోటిదాకా రాలేదు. నా చేతులు బల్ల మీద ఉన్నాయి, వాటి మధ్య కాఫీ కప్పు ఉంది, కప్పు మీద ఫ్యాక్టరీ గుర్తు ఉంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. మేనేజరు ఇకమీదట ఇద్దరేసి చూసి సంతకం పెట్టాలని ఏదో చెప్పాడు. మీటింగ్ ముగిసింది.

అందరూ వెళ్లాక మేనేజరు నన్ను ఆగమన్నాడు.

"పొరపాటు చేస్తే నాకేం ఇబ్బంది లేదు," అన్నాడు. "నేనూ చేశాను, నువ్వూ చేసి ఉంటావు. కానీ షీట్‌లో ఉన్నదాన్ని లేదని మొహం మీద చెప్పాడు చూడు, దాంతో నేను పనిచేయలేను. బుధవారం అతని కంపెనీకి రాస్తాను, వేరే మనిషిని పంపమని. నీకు కొన్నాళ్లు పని ఎక్కువవుతుంది, ముందే చెప్తున్నా."

నేను సరేనన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయన పప్పుకి పోపు వేస్తుండగా చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, ఏదీ దాచకుండా. ఆయన గరిట ఆపి విన్నాడు.

"ఆ షీట్‌లో ఎవరు ఎప్పుడు రాశారో తెలుస్తుందా?"

"తెలియదు. పాత ఫైలు."

"అయితే..." అని ఆగిపోయాడు.

"అయితే ఏంటి?"

"ఏం లేదు. పోపు మాడిపోతోంది," అని పొయ్యివైపు తిరిగాడు. కాసేపటికి, తిరగకుండానే, "వాళ్ల పాపకి ఎన్నో నెల?" అని అడిగాడు.

"ఏడు."

మేం ముగ్గురం భోంచేశాం. పాప హోంవర్క్ చేసుకుంది. మా ఇంట్లో రోజూ భోజనం అయ్యాక ఒకరు ప్రార్థన చేస్తారు, ఆ రోజు నా వంతు. మా ఆయన ముందు కళ్లు మూసుకుని నేను ప్రార్థనలో ఏం చెప్పాలి. "ఇవాళ నువ్వు చెయ్యి" అని పాపతో అన్నాను. అది ఎప్పట్లాగే తన అమెరికా యాసలో వచ్చినంత తెలుగు చెప్పి, మిగతాది ఇంగ్లీషులో ముగించింది.

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి మేనేజరు గది తలుపు తట్టాను. ధైర్యం వచ్చి వెళ్లానని చెప్పను. ఆ ఉదయం అతను తన సీటు దగ్గర నిలబడి "గుడ్ మార్నింగ్ అక్కా" అన్నాడు, రోజూ అన్నట్టే. ఆ తర్వాత నా సీటులో కూర్చోవడం నాకు సాధ్యం కాలేదు.

"యాభై ఏడు శనివారం ఖాళీగానే ఉంది," అన్నాను మేనేజరుతో. "సెప్టెంబరులో ఆ నంబరు ఇచ్చింది నేను. రాయడం మర్చిపోయాను. నిన్న రాశాను."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "నిన్న ఎప్పుడు?"

"పదకొండూ నలభైకి."

"మీటింగ్ కంటే ముందు."

"అవును."

"మీటింగ్‌లో నువ్వు అతని పక్కనే కూర్చున్నావు."

"అవును."

ఆయన కిటికీలోంచి పార్కింగ్ వైపు చూశాడు. "ఐదుగురి ముందు నేనతన్ని అబద్ధాలకోరును చేశాను," అన్నాడు. నాతో కాదు. తర్వాత నాతో, "పద," అని లేచాడు.

ఆ ఆరుగురినీ మళ్లీ అదే గదిలో కూర్చోబెట్టాడు. నిన్న తాను అన్నది తప్పనీ, షీట్ శనివారం ఖాళీగానే ఉందనీ, అతను చెప్పింది నిజమనీ, తాను క్షమాపణ చెబుతున్నాననీ నాలుగు వాక్యాల్లో చెప్పాడు. నా పేరు చెప్పలేదు. నన్ను చూశాడు. నేనే చెప్పాను. అందరూ లేచి తలుపువైపు నడిచారు. డాక్ ఆవిడ మాత్రం బయటికి నడుస్తూ నా భుజం మీద చెయ్యి వేసి, "రేపటి నుంచి ఆ పెట్టె మీదే నంబరు రాసి అంటించు హనీ. నాకు చదవడం వచ్చు," అంది.

నా ఫైలులో ఒక హెచ్చరిక కాగితం చేరింది. షీట్ చూసుకునే బాధ్యత నా దగ్గర నుంచి తీసి అతనికి ఇచ్చారు. రెండూ న్యాయమే.

ఆ మధ్యాహ్నం అతను బ్రేక్ రూమ్‌కి రాలేదు. వెతికితే కార్‌లో కూర్చుని తింటున్నాడు. అద్దం మీద తడితే తలుపు తాళం తీశాడు. పక్క సీటులో కూర్చున్నాను. హీటరు నడుస్తోంది. వెనక సీటులో పాప కార్ సీటు, దాని మీద ఒక చిన్న మేజోడు.

"సారీ," అన్నాను. ఇంగ్లీషులో చెప్పడం తేలిక.

అతను తల ఊపి, తింటున్న డబ్బా మూత పెట్టాడు. జేబులోంచి ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. తెర మీద మా షీట్ ఉంది. యాభై ఏడు పక్కన ఖాళీ. పైన శనివారం తేదీ, సమయం.

"శనివారమే స్క్రీన్‌షాట్ తీసిన అక్కా, అప్రూవల్ ఫారంకి అటాచ్ చేద్దామని. నిన్న మీటింగ్‌ల ఫోన్ నా జేబులనే ఉండె."

"మరి చూపించలేదేం?"

"చూపిస్తే, మరి ఇప్పుడు ఎవరు రాసిండ్రు అని అడుగుతరు గదా. ఆ షీట్ ఎడిట్ చేసేది మనమిద్దరమే."

ఫోన్ అతని చేతికి తిరిగిచ్చాను.

"మీరే చెప్తరేమోనని ఆగిన," అన్నాడు.

"ఆయన బుధవారం మీ కంపెనీకి రాస్తానన్నాడు, తెలుసా?"

"తెలుసు. నాతోటి కూడా అన్నడు. అందుకే బుధవారం పొద్దుగాల దాకా ఆగుదామనుకున్న."

"నేను చెప్పకపోయుంటే?"

"చూపిస్తుంటి," అన్నాడు వెంటనే. "నాకు పాప ఉన్నది గదా అక్కా. మా ఆవిడైతే నిన్ననే చూపించాలె అని మస్తు తిట్టింది. నీకు అక్కడ ఉన్నది కొలీగా, చుట్టమా అన్నది."

ఆ ప్రశ్నకి అతను ఏం చెప్పాడో నేను అడగలేదు. కోపంగా ఉన్నావా అని మాత్రం అడిగాను.

"నిన్న ఉండె," అన్నాడు. "మీరు షీట్‌ల రాయలేదని కాదు, మర్చిపోవుడు ఎవరికైనా అయితది. నేను ఖాళీగా ఉండె అన్నప్పుడు మీరు కప్పు చూసుకుంట కూసున్నరు. అది."

అంటే చూశాడన్నమాట. నావైపు తిరగలేదనుకున్నాను.

తర్వాత రెండు వారాలు మేమిద్దరం ఫ్యాక్టరీ అంతా తిరిగాం. షీట్ పట్టుకుని, ఒక్కో యంత్రం దగ్గర ఆగి, అది ఏ నంబరుకి పలుకుతోందో చూసి, షీట్‌లో ఉన్నదానితో సరిపోల్చాం. ఆ ఆలోచన అతనిదే. షీట్‌లో లేని నంబర్లు పదకొండు దొరికాయి. అందులో తొమ్మిది నేనిచ్చినవి. ఒక ఫోన్ కాల్ వల్ల జరిగిన పొరపాటు అని అప్పటిదాకా నాకు నేను చెప్పుకుంటూ ఉన్నాను. ఆ తొమ్మిదిసార్లూ ఎవరూ ఫోన్ చేయలేదు. అలవాటుగా రాయలేదు, అంతే. అతను ప్రతిసారీ "ఇది ఎవరిచ్చిండ్రు?" అని అడిగేవాడు, జవాబు తెలిసినా. నేను "నేనే" అనేదాన్ని. అతను రాసుకునేవాడు. మొదటి రోజు ఇబ్బందిగా ఉండింది. మూడో రోజుకి ఇద్దరికీ నవ్వొచ్చింది.

మళ్లీ ఒకే బల్ల దగ్గర తినడం మొదలుపెట్టాం. కానీ ఒక తేడా వచ్చింది. అంతకుముందు ఏదైనా పని కలిసి చేస్తే "అయిపోయింది" అని నేను అంటే అతను నమ్మేవాడు. ఇప్పుడు "అయిపోయిందా అక్కా, ఒకసారి చూస్త" అని వచ్చి చూసేవాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. అది అతని పద్ధతి, ఇంతకుముందు నా విషయంలో మాత్రం పక్కన పెట్టిన పద్ధతి.

మరుసటి ఏడాది వసంతంలో అతనికి న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరో దగ్గర ఒక మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చే అవకాశం కనిపించింది. కాంట్రాక్టు కాదు, పర్మనెంట్ ఉద్యోగం. ఒక మంగళవారం ఆ కంపెనీ నుంచి ఒకామె నాకు ఫోన్ చేసింది. తన గురించి చెప్పగలిగినవాళ్లలో అతను నా పేరు ఇచ్చాడట. నన్ను ముందుగా అడగలేదు. మామూలు ప్రశ్నలు అడిగి, చివర్లో, కష్టమైన సమయంలో అతను ఎలా ప్రవర్తించాడో ఒక సంఘటన చెప్పమంది.

నేను ఆ సోమవారం గురించి చెప్పాను. మా ఫ్యాక్టరీలో ఒకరు చేసిన పొరపాటు అతని మీద పడిందనీ, తన దగ్గర రుజువు ఉండి కూడా ఆ మనిషికి ఒప్పుకునే అవకాశం ఇవ్వడానికి దాన్ని బయటపెట్టకుండా ఆగాడనీ చెప్పాను.

"ఆ మనిషి ఒప్పుకున్నారా?" అని ఆమె ఆసక్తిగా అడిగింది.

"ఒప్పుకున్నారు."

"వాళ్లు ఇంకా అక్కడే పనిచేస్తున్నారా?"

"పనిచేస్తున్నారు," అన్నాను. "అది నేనే," అన్నాను.

ఆమె థాంక్స్ చెప్పి పెట్టేసింది. పది రోజుల్లో అతనికి ఉద్యోగం ఖాయమైంది. ఆ ఫోన్ సంగతి నేను అతనితో అనలేదు, అతనూ అడగలేదు.

మే నెలలో ఒక శనివారం వాళ్లు బయల్దేరారు. మేం ముగ్గురం సాయానికి వెళ్లాం. మా ఆయనా అతనూ కలిసి ఊయల మంచం విప్పి ట్రక్కులో పెట్టారు. అప్పటికి వాళ్ల పాప నడుస్తోంది. మా పాప దాని వెనకే తిరుగుతూ ఇంగ్లీషులో ఏవో చెబుతోంది. అతని భార్య నాతో మాట్లాడటం అదే మొదటిసారి. చర్చికి వెళ్తారట కదా, మీ చర్చి ఏ వైపు అని అడిగింది, వంటింట్లో మిగిలిన కందిపప్పు, చింతపండు ఒక సంచిలో పోసి నాకిచ్చింది. ముభావంగా ఉంది. నేను ఆమె స్థానంలో ఉంటే ఆ సంచి కూడా ఇచ్చేదాన్ని కాదేమో.

ట్రక్కు కదిలే ముందు అతను కిటికీ దించి, "షీట్ మీకు షేర్ చేసిన అక్కా. మళ్ల మీదే ఇగ," అన్నాడు.

"చూసుకుంటాలే," అన్నాను.

ఇప్పుడు క్రిస్మస్‌కి అతను మెసేజ్ పెడతాడు, బతుకమ్మకి నేను పెడతాను. పాపల ఫోటోలు పంపుకుంటాం. డాక్ ఆవిడ పోయినేడు రిటైరైంది. షీట్‌లో నంబరు ముందు రాసి, తర్వాతే యంత్రానికి ఇస్తున్నాను.